బర్రెల మందలో తెల్లగుర్రం

పాదాలు చూడండి

పిల్లలకు కథ చదివి వినిపించేటప్పుడు వాళ్ల ముఖాలు చూడకండి, పాదాలు చూడండి. ముఖాలు అబద్ధమాడతాయి. ఎదురుగా పెద్దవాళ్లు కూర్చుంటే ఎలాంటి ముఖం పెట్టాలో పిల్లలకు మూడో తరగతికే బాగా తెలిసిపోతుంది. పాదాలకు ఆ చదువు ఇంకా అబ్బదు. కథ నచ్చకపోతే బొటనవేళ్లు నేలను గీకుతాయి, మడమలు ఊగుతాయి, ఒక కాలు పక్కవాడి కాలిని మెల్లగా గిల్లడానికి బయల్దేరుతుంది. కథ పట్టుకుందంటే అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను నమ్ముకున్న విద్య ఇదొక్కటే.

తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ పైఅంతస్తులో మా ప్రచురణ సంస్థ ఉండేది. పిల్లల పుస్తకాలు వేసేవాళ్లం, నేను ఎడిటర్ని. కింద దోశలు వేస్తుంటే పైన మా కాగితాలకు కూడా నెయ్యి వాసన పట్టేది. మెట్రో స్తంభాలు లేవకముందు చేరాను, మెట్రో రైలు కిటికీలోంచి మా బోర్డు కనిపించే రోజుల్లో రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికొస్తారు. "మేడం, పిల్లల కథలో నీతి ఎక్కడ పెట్టాలి?" అని అడుగుతారు. నీతి కొత్తిమీర కాదు నాయనా, దించేముందు చల్లడానికి, అంటాను. నవ్వి, కాఫీ తాగి వెళ్లిపోతారు. వాళ్లు మెట్లు దిగాక, అసలు చెప్పాల్సింది చెప్పలేదే అనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

పరాంకుశం గారి పద్ధతి

మా యజమాని పరాంకుశం గారు గుంటూరు వైపు మనిషి. మెచ్చుకోవడంలో పరమ పిసినారి. పుస్తకం ఎంత బాగా వచ్చినా "ఫరవాలేదమ్మా" అనేవారు, బాగా రాకపోతే నెలరోజులు తిట్టేవారు. ఆయనకు కొన్ని మూఢనమ్మకాలు కూడా ఉండేవి. బొమ్మల్లో ప్రతి జంతువూ నవ్వుతూ ఉండాలని పట్టు. మా చిత్రకారుడు యూసుఫ్ భాయ్ మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడు, ఎవరికీ జంకడు.

"జంతువు నవ్వకపోతే పిల్లలు జడుసుకుంటారయ్యా" అని పరాంకుశం గారు అంటే, "సార్, బర్రె నవ్వితే నేనే జడుసుకుంట" అనేవాడు. ఆ గొడవ నేను రిటైరయ్యేదాకా తేలలేదు.

అయితే ఆయన పెట్టిన ఒక్క పద్ధతికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. ఏ పుస్తకమైనా ప్రెస్సుకు వెళ్లకముందు శనివారం నాడు యూనివర్సిటీ క్యాంపస్ లోపలి చిన్న బడిలో చదివి వినిపించాలి. ఆ బడిలో ప్రొఫెసర్ల పిల్లలూ, హాస్టల్ వంటవాళ్ల పిల్లలూ, తోటమాలుల పిల్లలూ ఒకే జంపఖానా మీద కూర్చుంటారు. బొమ్మలు చూపించకూడదు. నటించి చదవకూడదు. కథ అయ్యాక "మీకేం అర్థమైంది?" అని అడగనే కూడదు. అన్నిటికన్నా కష్టమైన నియమం ఇంకొకటి ఉంది. పిల్లలు ఏదైనా అడిగితే జవాబు చెప్పకూడదు.

చేరిన కొత్తలో నాకిది మొరటుతనంగా తోచింది. "అడిగితే చెప్పకుండా ఎలా ఉంటామండీ?" అన్నాను.

"జవాబు పుస్తకంలో లేకుండా నీ నోట్లో ఉండి ఏం లాభమమ్మా? పుస్తకం కొన్న ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పొస్తావా?" అన్నారాయన.

ఆ మాట విలువ నాకు చమ్కీ వల్ల తెలిసింది.

చమ్కీ

చమ్కీ ఒక తెల్లగుర్రం. పెళ్లి ఊరేగింపుల్లో అద్దాల జీను వేసుకుని పెళ్లికొడుకుని మోసే గుర్రం. ఒకరోజు బ్యాండు మోతకు బెదిరి, తాడు తెంపుకుని, పరుగెత్తి పరుగెత్తి క్యాంపస్ బండల మధ్యకు చేరుతుంది. అక్కడ ఒక బర్రెల మంద ఉంటుంది. ఎప్పుడూ ఒంటరిగా కట్టేసి ఉన్న జీవి కదా, ఆ మందలో ఒకతిగా కలిసిపోవాలని దాని ఆశ. బురదలో పొర్లి నల్లబడాలని చూస్తుంది. నెమరు వెయ్యబోతుంది, రాదు. బర్రెల్లాగా కాళ్లు ముడుచుకుని హాయిగా పడుకోబోతుంది, నిద్ర పట్టదు. పిల్లలు చిన్న చిన్న అధ్యాయాలుగా సొంతంగా చదువుకునే కథ అది. రాసింది యశోద. క్యాంపస్‌లో రాళ్ల గురించి, అదే భూగర్భశాస్త్రం, పాఠాలు చెప్పే లెక్చరర్. జనగామ దగ్గర రైతుల ఇంట్లో పుట్టి, బర్రెల వెంట తిరిగి పెరిగిన మనిషి. ఆ అమ్మాయి రాసిన బర్రె నిజంగా బర్రెలాగే ఉండేది. మందకు పెద్ద నల్లమ్మ అనే ముసలి బర్రె, అది మాట్లాడే తీరు మా ఆఫీసులో అందరికీ నోటికి వచ్చేసింది.

పరాంకుశం గారు మొదటి అధ్యాయం చదివి "బర్రె అని రాశారేంటమ్మా, గేదె అనొచ్చుగా?" అన్నారు. "సార్, గేదె అంటే నల్లమ్మ పలుకది" అంది యశోద. ఆయన నవ్వాపుకోలేక కళ్లజోడు తుడుచుకున్నారు. బర్రె బర్రెగానే ఉండిపోయింది.

చివరి అధ్యాయంలో ఊరకుక్కలు ఒక దూడను చుట్టుముడతాయి. బర్రెలు అంతదూరం పరుగెత్తి రాలేవు. చమ్కీ ఒక్క ఉదుటున వచ్చి వెనకకాళ్లతో తన్ని కుక్కల్ని తరిమేస్తుంది. అప్పుడు నల్లమ్మ "రా బిడ్డా, ఇగ నువ్వు మాదానివే" అని మందలో చోటిస్తుంది. చదివి నేను కంటతడి పెట్టాను. యూసుఫ్ భాయ్ ఆ తన్ను బొమ్మ గీశాడు. గాలిలో లేచిన ఆ కాళ్లు చూస్తే మనం ఒక అడుగు వెనక్కి వేస్తాం. పుస్తకం అయిపోయినట్టే అనుకున్నాం, శనివారం చదువు ఒక్కటే మిగిలింది.

గుమ్మం పక్కన కూర్చున్న పిల్ల

ఆ ఏడాది మూడో తరగతిలో సుభద్ర అనే పిల్ల కొత్తగా చేరింది. ఆ పిల్ల తండ్రి శంకర్ ఒరిస్సా మనిషి, క్యాంపస్‌లో మగపిల్లల హాస్టల్ మెస్‌లో వంట చేస్తాడు. ఏళ్ల తరబడి ఒంటరిగా ఉండి, ఆ ఎండాకాలంలోనే భార్యనూ కూతురినీ బరంపురం నుంచి తెచ్చుకున్నాడు. అతను హాస్టల్ పిల్లల దగ్గర తెలుగు నేర్చుకున్నాడు కాబట్టి ఏ వరంగల్ మనిషో అనుకుంటారు. కూతురు మాత్రం బరంపురంలోనే తెలుగు అక్షరాలు దిద్దుకుని, మాటలు బడి అలమరలోని పుస్తకాల్లోంచి నేర్చుకుంది. అంటే మా పుస్తకాల్లోంచే. అందువల్ల తోటిపిల్లల దగ్గరికెళ్లి, "దయచేసి నాకు కొంచెం స్థలం ఇవ్వగలరా?" అని అడిగింది.

పిల్లలు పడీ పడీ నవ్వారు. చెడ్డపిల్లలని కాదు, నిజంగానే నవ్వొచ్చింది. వారం రోజులు ప్రతివాడూ "దయచేసి ఎరేజర్, దయచేసి నీళ్ల బాటిల్" అంటూ తిరిగాడు. తర్వాత మరిచిపోయారు. సుభద్ర మరిచిపోలేదు. నోరు కుట్టేసుకుని, జంపఖానా వదిలి, గుమ్మం పక్కన వట్టి గచ్చు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. సరళ టీచర్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మధ్యలో కూర్చోబెడితే, ఆవిడ బోర్డు వైపు తిరిగేలోగా మళ్లీ గుమ్మం దగ్గరికి చేరేది.

"ఇంటికెళ్లి రోజూ ఏడుస్తోందట, వెళ్లిపోదాం అంటోందట" అని సరళ టీచర్ నాకు చెప్పింది. శంకర్ ఆవిడతో అన్న మాట కూడా చెప్పింది: "దసరా దాంక చూస్తా మేడం. అప్పటికి గీడ దాని మనసు నిలువకపోతే తల్లిని, బిడ్డను మల్ల బరంపురం పంపిస్తా. నా తిప్పలు నేను పడ్త." పిల్ల బడిలో కుదురుకోకపోతే ఆ కుటుంబం మళ్లీ రెండు ముక్కలవుతుందన్నమాట. ఇది విన్నాక నేను చదువుతున్నంతసేపూ ఆ గుమ్మం వైపు చూడకుండా ఉండలేకపోయేదాన్ని.

తన్నకపోతే?

ఆ శనివారం చివరి అధ్యాయం చదివాను. కుక్కలు దూడను చుట్టుముట్టేసరికి గదిలో ఒక్క పాదం కదలలేదు. చమ్కీ తన్నగానే చప్పట్లు. మా పని గెలిచింది అనుకుని కాగితాలు సర్దుకుంటున్నాను. గుమ్మం పక్కనుంచి ఒక గొంతు వినిపించింది. అంతకుముందు నేను ఎప్పుడూ వినని గొంతు.

"కుక్కలను తరమకపోతే?" అంది సుభద్ర.

ముందు వరసలోని విక్కీ అనేవాడు వెనక్కి తిరిగి, "తరిమింది గదా, ఇన్లేదా?" అన్నాడు.

"తరమకపోతే... చమ్కీ వెళ్లిపోవాలా?"

ఎవరూ నవ్వలేదు. విక్కీ తల గోక్కుని, "పోవాలె గావచ్చు" అన్నాడు. వాడి పక్కన కూర్చునే నవ్య అనే పిల్లకు కోపం వచ్చింది. "ఎందుకు పోవాలెరా? అదేం చేసిందని?" అంది. క్లాసు మొత్తం రెండుగా చీలి వాదులాడుకుంటుంటే సుభద్ర మాత్రం నావైపే చూస్తోంది, జవాబు కోసం. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ, ఆ రోజు చెప్పడానికి నా దగ్గర మాటే లేదు. పరాంకుశం గారి నియమం పాటించినట్టు పైకి గంభీరంగా కూర్చున్నాను, అంతే.

ఎనిమిదేళ్ల పిల్ల. నెలల తరబడి నోరు విప్పలేదు. విప్పగానే మా వృత్తి మొత్తాన్ని ఒక్క మాటతో నిలబెట్టి అడిగింది. మా కథల్లో కుంటి కుందేలు నక్క వాసన పసిగడుతుంది, ఒంటిచెవి ఏనుగు వరదలో దారి చూపిస్తుంది, అప్పుడే మిగతావాళ్లు దాన్ని దగ్గరికి తీసుకుంటారు. తెలుగులో ఇలాంటి కథ రాయనివాళ్లూ, దిద్దనివాళ్లూ, అచ్చువెయ్యనివాళ్లూ మాలో ఎవరూ లేరు. కొత్తగా వచ్చినవాడు ఏదో ఘనకార్యం చేస్తేనే చాప మీద చోటు. ఘనకార్యం చెయ్యడానికి కుక్కలూ వరదలూ ఎదురుపడని పిల్ల ఏం కావాలి? ఇంతమంది పెద్దవాళ్లం, ఇన్నేళ్లలో, ఈ మాట అనుకోలేదు.

యశోద చెప్పింది

సోమవారం పొద్దున పరాంకుశం గారి ముందు కూర్చుని జరిగింది చెప్పాను. యశోద కూడా ఉంది. ఆయన మండిపడ్డారు.

"బొమ్మలు అయిపోయాయి. ప్రెస్సు వాడికి చెప్పేశాను. అయినా గుర్రం ఏ మంచిపనీ చెయ్యకుండానే చోటిచ్చేస్తే ఇంక కథేముందమ్మా? పిల్లలకు కష్టపడి సంపాదించుకోవాలని చెప్పొద్దా?"

ఆ వాదనలో పస లేదని నేను అనను. మీరూ ఈ వాదన వింటారు, మంచివాళ్ల నోటి నుంచే వింటారు. నేను ఏదో సర్దిచెప్పబోతుంటే యశోద మెల్లగా అంది.

"సార్, నేను జనగామ నుంచి గీ క్యాంపస్‌కు వచ్చినప్పుడు హాస్టల్ మెస్‌ల నా టేబుల్ కాడ ఎవ్వరు కూసుండకపోయేది. నా మాట, నా బట్టలు, అన్ని వాళ్లకు వింతే. గోల్డ్ మెడల్ వచ్చినంక అందరు ప్లేట్లు పట్టుకోని వచ్చిండ్రు. నాకు మస్తు ఖుషీ అయింది. అందుకే నా గుర్రంతోని గూడ తన్నిచ్చిన." మళ్లీ తనే అంది. "కని మెడల్ రాని పిల్లలు గూడ ఉండె సార్ ఆ మెస్‌ల. వాళ్ల దిక్కు నేను ఎన్నడు పోయి కూసోలే. ఆ పిల్ల అడుగుతున్నది వాళ్ల గురించే."

కింద దోశ పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు వినిపించింది. చివరికి పరాంకుశం గారు, "యూసుఫ్‌తో నువ్వే చెప్పమ్మా, నావల్ల కాదు" అన్నారు నాతో. అది ఆయన ఒప్పుకోవడం.

యూసుఫ్ భాయ్‌తో చెప్పడం నావల్ల కూడా కాలేదు. యశోదే మెట్టుగూడ వెళ్లి చెప్పింది. ఆ తన్ను బొమ్మ అతను జీవితంలో గీసిన అన్ని బొమ్మల్లోకీ గొప్పది. ముందు బాగా అలిగాడు. మర్నాడు ఫోన్ చేసి, "గుర్రం ఏం చెయ్యకపోతే మరి నేనేం గియ్యాలె? నిలబడ్డదే గియ్యాల్నా?" అని అడిగాడు. అది అలక కాదు, మంచి ప్రశ్న. ఏమీ జరగని అధ్యాయం రాయడం ఎంత కష్టమో రాసేవాళ్లకు తెలుసు. యశోద వారాలపాటు రాయలేకపోయింది. పొద్దున్నే క్లాసుకు ముందు క్యాంపస్ బండల దగ్గర బర్రెలు మేసే చోట కూర్చుని వచ్చేది. అవి చోటు ఎలా ఇచ్చుకుంటాయో చూస్తున్నానక్కా, అనేది. ఒకరోజు నవ్వుతూ వచ్చి ఒకటిన్నర పేజీ నా బల్ల మీద పెట్టింది.

పరాంకుశం గారు చదివి, "ఇంతేనా?" అన్నారు. మళ్లీ చదివారు. "ఫరవాలేదమ్మా" అన్నారు.

దసరా సెలవుల ముందు శనివారం

కొత్త అధ్యాయం పట్టుకుని బడికి వెళ్లేసరికి శంకర్ వరండాలో నిలబడి ఉన్నాడు. మెస్ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, భుజం మీద తువ్వాలు అలాగే ఉంది. సరళ టీచర్ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. టీసీ కోసం వచ్చాడు. సెలవులకు ఊరెళుతున్నారు, పిల్ల ఇక తిరిగి రాదు. గంట అయ్యేదాకా ఆగమని చెప్పానంది. ఆలస్యం చేశాం, నెల ముందే తేవలసింది అని నా ప్రాణం ఉసూరుమంది. సుభద్ర ఎప్పటిలాగే గుమ్మం పక్కన గచ్చు మీద కూర్చుని ఉంది. నేను చదవడం మొదలుపెట్టాను.

మండుటెండ. బర్రెలన్నీ కానుగ చెట్టు నీడలో పడుకున్నాయి. చమ్కీ దూరంగా ఎండలో నిలబడి ఉంది. నల్లమ్మ తల తిప్పి చూసింది.

"గట్ల ఎండల నిలబడ్డవేంది?"

"మీరు నన్ను పిలవలేదు కదా" అంది చమ్కీ.

"మమ్ములను ఎవరు పిలిచిండ్రు?"

చమ్కీ చెట్టు కిందికి చూసింది. "నీడలో చోటు లేదేమో" అంది.

"ఉన్నదో లేదో గాడ నిలబడితే ఎట్ల తెలుస్తది?" అని నల్లమ్మ మళ్లీ నెమరు వెయ్యడంలో పడిపోయింది.

చమ్కీ ఒక్కొక్క అడుగే వేసుకుంటూ నీడలోకి వచ్చింది. బర్రెలు పడుకున్నాయి, చమ్కీ నిలబడే కునుకు తీసింది. కాసేపటికి పక్కన ఉన్న బర్రె కసిరింది. "ఓ పిల్లా, నీ తోక నా ముక్కుల పడుతున్నది. అటు జరుగు!"

పిల్లలు గొల్లుమన్నారు. నేను పాదాల వంక చూడటం కూడా మరిచిపోయాను. ఎందుకంటే గుమ్మం దగ్గర సుభద్ర లేచి నిలబడింది. లేచి, ఎవరూ పిలవకుండానే, తిన్నగా నడుచుకుంటూ వచ్చి, జంపఖానా మధ్యలో కూర్చున్న నవ్య దగ్గర ఆగింది.

"జరగవే" అంది.

నవ్య తలెత్తి చూసింది. "అబ్బ, ఆగవే! జరుగుతున్న గదా. మీద కూసుంటవా ఏంది?"

"జంపఖానా మొత్తం నీదా? జరుగు!" అని సుభద్ర గట్టిగా గదమాయించి, మోచేత్తో నెట్టి, చతికిలబడింది. నవ్య గొణుక్కుంటూ విక్కీని నెట్టింది. విక్కీ ఇంకొకణ్ణి నెట్టాడు. వరస చివరివాడు గచ్చు మీదికి జారి, తిట్టుకుంటూ మళ్లీ పైకి ఎగబాకాడు. ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పలేదు. ఎవరూ ఎవరితోనూ "దయచేసి" అనలేదు.

అధ్యాయంలో ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. వినడానికి వాళ్లకు తీరిక లేదు. ఇంత పని మాటలకు సాధ్యమా అని కాగితం వంక చూశాను. ఒకటిన్నర పేజీ, దానికీ నెయ్యి వాసన. నేను దిద్దింది అందులో రెండు కామాలు మాత్రమే. ఆ గదిలో ఉండటమే నా అదృష్టం అనుకున్నాను. మీరు ఈ పనిలోకి వస్తున్నారంటే నాకు అసూయగా ఉంటుంది, అలాంటి శనివారాలు మీకు ముందున్నాయి కనుక.

గంట కొట్టారు. సరళ టీచర్ వరండాలోకి వెళ్లి, "శంకర్, టీసీ లోపల రాసి పెట్టాను, తెస్తానుండు" అంది. శంకర్ ఆ మాట విన్నట్టు లేడు. తువ్వాలు చేత్తో పట్టుకుని, కిటికీ చువ్వల్లోంచి లోపలికే చూస్తున్నాడు. లోపల సుభద్ర, నవ్య ఇంకా గట్టిగా అరుచుకుంటూ తగవు పడుతూనే ఉన్నారు.

"ఇంట్ల మా మీద ఎట్ల ఒర్రుతదో గట్లనే ఒర్రుతున్నది మేడం" అన్నాడు.